మళ్లీ చూశాం, అంతే వచ్చింది

1997, శ్రావణమాసం. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ల్యాబులో నేను సీనియర్ టెక్నీషియన్‌ని. సీనియర్ అనగానే పెద్ద హోదా అనుకోకండి. నాకన్నా ముందు చేరిన ఇద్దరూ పెళ్లిళ్లై వెళ్లిపోయారు, నేను పెళ్లయ్యాక కూడా వెళ్లలేదు, అంతే. కాకినాడలో ల్యాబు డిప్లొమా చదివి వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు. ఊళ్లో ఫ్లేమ్ ఫోటోమీటర్ ఉన్న ల్యాబులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి, అందులో మాదొకటి. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువే ఉండేది.

ఫ్లేమ్ ఫోటోమీటర్ అంటే గ్యాసుతో చిన్న మంట వెలిగించి, అందులోకి పలచన చేసిన సీరాన్ని తుంపరగా పంపే యంత్రం. సీరం అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరుకునే లేత పసుపు నీరు. అందులో సోడియం ఉంటే మంట పసుపుపచ్చగా మెరుస్తుంది, పొటాషియం ఉంటే లేత ఊదాగా. ఆ మెరుపు ఎంతుందో కొలిచి యంత్రం అంకె చూపిస్తుంది. దాని పక్కన గాలి కొట్టే కంప్రెసర్ ఒకటి ఉండేది. అది తిరుగుతుంటే రైసుమిల్లులో నిలబడి మాట్లాడుకుంటున్నట్టే. ఈ చప్పుడు సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ల్యాబు యజమాని పాథాలజిస్టు సుబ్రహ్మణ్యం గారు. మేమంతా ఆయన్ని సార్ అనేవాళ్లం. పని దగ్గర నిప్పు. రోజూ పొద్దున్న స్టాండర్డు, అంటే ఎంత పొటాషియం ఉందో ముందే తెలిసిన ద్రావణం, యంత్రంలో పెట్టి సరిచూడందే ఒక్క శాంపిలూ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆయనకొక సిద్ధాంతం ఉండేది. "మన పని అంకె ఇవ్వడం. ఆ అంకెతో ఏం చెయ్యాలో రాసిన డాక్టరు గారి పని. మనం నోరు తెరిస్తే వాళ్లకి మర్యాద తక్కువ, మనకి గౌరవం తక్కువ." కాబట్టి రిపోర్టు కవర్లో పెట్టి, జిగురంటించి, పేషెంటు తాలూకు వాళ్ల చేతికిచ్చేవాళ్లం. అవతల డాక్టర్లూ అంతే. చీటీ మీద పరీక్ష పేరు రాసేవారు. జబ్బేమిటో, ఏ మందులు వాడుతున్నారో రాసేవారు కాదు. మాటల్లేని తోడికోడళ్లు ఒకే వంటింట్లో వండుకున్నట్టు ఉండేది మా వ్యవహారం.

ఏ డాక్టరుకైనా అంకె మీద అనుమానం వస్తే పక్కన ప్రశ్నార్థకం గుర్తు పెట్టి కాగితం తిప్పి పంపేవారు. మేము మిగిలిన సీరాన్నే మళ్లీ యంత్రంలో పెట్టి చూసేవాళ్లం. అదే అంకె వచ్చేది. ప్రతిసారీ ఆ మాట చేత్తో రాయడం విసుగని, నేనే సార్‌ని అడిగి మెయిన్ రోడ్డులో ఒక రబ్బరు స్టాంపు చేయించాను. 'రీచెక్డ్' అని ఊదారంగులో పడేది. మళ్లీ చూశాం, అంతే వచ్చింది, అని దానర్థం. ఆ స్టాంపు ఠప్పుమని కొడుతుంటే నాకు భలే తృప్తిగా ఉండేది.

రాజోలు అవతల ఒక ఊళ్లో డాక్టర్ వెంకటరత్నం గారని ఫిజీషియన్ ఉండేవారు. ఆయన రాసిన పరీక్షలు సోమ, గురువారాల్లో మాకు వచ్చేవి. సత్తిబాబు అని నలభై దాటిన మనిషి, ఆ చుట్టుపక్కల ఊళ్లు సైకిలు మీద తిరిగి పొద్దున్నే పరగడుపున రక్తాలు తీసి, బస్సెక్కి మధ్యాహ్నం దాటాక మా దగ్గరికి చేరేవాడు. మేము చేతిలో పని ముగించుకుని వాటిని ముట్టుకునేసరికి నాలుగు, నాలుగున్నర. సత్తిబాబు నిదానస్తుడు. తువ్వాలులో చుట్టిన గొట్టాలు బల్ల మీద పెట్టి, ఒక్కొక్కదాని పేరూ చదివి అప్పజెప్పి, "ఆయ్, వస్తానండి" అని వెళ్లిపోయేవాడు. వెంకటరత్నం గారిని మాత్రం నేనెన్నడూ చూడలేదు. చీటీల మీద సంతకం తెలుసు, గుర్రపు డెక్కలా ఉండేది.

వరలక్ష్మీ వ్రతం మర్నాడు, శనివారం ఉదయం ఎనిమిదింటికి ఒక పెద్దావిడ కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చారు. నాలుగు మెట్లెక్కడానికి మూడుసార్లు ఆగారు. చీటీ మీద పేరు చూశాను. కామేశ్వరమ్మ, యాభై తొమ్మిదేళ్లు. వేసవి నుంచి ఆ పేరు నెలనెలా నా చేత్తో రాస్తూనే ఉన్నాను. మనిషిని చూడడం అదే మొదలు.

"ఏమ్మా, నా రక్తమంతా నీ దగ్గరికే వస్తోందటగా. ఇవాళ నేనే మోసుకొచ్చాను, తీసుకో" అన్నారావిడ, కుర్చీలో కూలబడుతూ.

కూతురు రాజమండ్రిలోనే ఉంటుందట. వ్రతానికని తల్లిని తీసుకొచ్చుకుంది. "సోమవారమే మా ఊళ్లో రక్తం తీశారండి. మళ్లీ పై నెల చేయించమని చీటీ ఇచ్చారు డాక్టరు గారు. కానీ అమ్మకి నాలుగు రోజుల్నుంచి ఒకటే వికారమండి. అన్నం చూస్తే లేచిపోతోంది. ఎలాగూ ఇక్కడే ఉంది కదా అని ఈ చీటీయే పట్టుకొచ్చాను."

"లేచిపోక ఏం చేస్తానే? పెరుగన్నంలో పసుపు కలిపి పెడితే ఎవరైనా తింటారా?" అన్నారు కామేశ్వరమ్మ గారు.

"పసుపెక్కడిదే అమ్మా! చూడండి మేడమ్‌గారూ, తెల్లటి పెరుగండి. పొద్దున్న లేచి, గోడలకి సున్నం మాసి పచ్చబడింది, అల్లుడు వేయించుకోడా అంటుంది. పోయిన నెలే వేయించామండి."

నాకు నవ్వొచ్చింది. కామెర్లేమోనని ఆవిడ కళ్లు కిందికి లాగి చూశాను. తెల్లగానే ఉన్నాయి. పెద్దవాళ్ల చాదస్తం అనుకుని ఊరుకున్నాను. రక్తం తీస్తుంటే ఆవిడే మళ్లీ అందుకున్నారు. "ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే. రోజూ ఒక బొండాం తాగమనేవారు మా డాక్టరు గారు. తియ్యటి సిరప్పొకటి ఇచ్చేవారు. వేసవి పోయాక రెండూ మానిపించేశారు. నీ కాగితంలో ఏదో ఎక్కువగా వస్తోందటగా. చెట్టు కింద కూచుని ఇంకొకరు తాగుతుంటే చూడ్డమే నా పని."

సూది తీశానో లేదో ఆవిడ వాంతి చేసుకున్నారు. లోపల బల్ల మీద పడుకోబెట్టి ఫ్యాను వేశాను. కూతురు విసనకర్ర కూడా అడిగి పుచ్చుకుంది.

రక్తం గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్‌లో, అంటే గొట్టాల్ని గిరగిరా తిప్పి సీరాన్ని విడదీసే యంత్రంలో పెట్టి, మంట వెలిగించాను. పొటాషియం 2.6 వచ్చింది. మామూలుగా మూడున్నర నుంచి అయిదు దాకా ఉండాలి. రిజిస్టరు తీసి సోమవారం పేజీ చూశాను. అదే పేరు, 5.6.

అయిదు రోజుల్లో మనిషి ఒంట్లో అంత తేడా రావడం నేను చూడలేదు. మొదట యంత్రాన్నే అనుమానించాను. స్టాండర్డు పెట్టాను, సరిగ్గా వచ్చింది. నా చేతి రక్తమే తీసి పెట్టాను, 4.1. ఆవిడ సీరం మళ్లీ పెట్టాను, 2.6. అలవాటుగా నా చెయ్యి స్టాంపు మీదకి పోయింది. చేతిలోకి తీసుకున్నదాన్ని మళ్లీ బల్ల మీద పెట్టేశాను. ఈ అంకె నిజమైతే సోమవారం అంకె అబద్ధం. అది నిజమైతే ఇది అబద్ధం. రెండింటి కిందా సంతకం నాదే.

సార్‌ని అడుగుదామంటే ఆయన తెల్లవారుతూనే ఇంటిల్లిపాదినీ తీసుకుని అన్నవరం వ్రతానికి వెళ్లారు. సాయంత్రానికి గానీ రారు. అప్పట్లో జేబులో ఫోన్లు ఎక్కడివి? రూలు ప్రకారం నేను చెయ్యవలసింది తేలికే. 2.6 అని రాసి, కవరంటించి, కూతురి చేతిలో పెట్టడం. వాళ్లు సోమవారం ఊరెళ్లి డాక్టరుకి చూపించుకుంటారు. అంతలో ఏమైనా జరిగితే అది నా పని కాదు. అలా అనుకుంటూనే లోపలికి తొంగిచూశాను. కామేశ్వరమ్మ గారు పడుకుని కూడా ఫ్యాను రెక్కలకి బూజు పట్టిందని కూతురికి చెబుతున్నారు. గొంతు మాత్రం పీలగా ఉంది. నాకు నిజంగా భయమేసింది. చీటీ మీద అచ్చువేసిన వెంకటరత్నం గారి నంబరుకి ఎస్టీడీ కలిపాను.

"ఎవరూ?" అన్నారు అవతల.

ల్యాబు పేరు చెప్పాను. కామేశ్వరమ్మ గారి పొటాషియం 2.6 వచ్చిందని చెప్పాను.

ఆయన చాలా నెమ్మదిగా అన్నారు. "ఏది నమ్మమంటారమ్మా? వేసవి నుంచి అయిదు పైన, అయిదున్నర అని రాస్తున్నది మీరే కదా. ఈసీజీలో నాకు పొటాషియం ఎక్కువైన ఛాయలు కనబడలేదు. మూడుసార్లు ప్రశ్నార్థకం పెట్టి తిప్పి పంపాను. మూడుసార్లూ స్టాంపు కొట్టి పంపారు. ఇక నేనే పొరపడ్డానేమో అనుకుని పొటాషియం సిరప్పు ఆపాను. ఒకసారి ఫోను కూడా చేశాను. ఎవరో అమ్మాయి, వెనకాల ఏదో మిల్లు చప్పుడు, 'మా మిషను కరెక్టేనండీ' అని పెట్టేసింది."

ఆ అమ్మాయిని నేనే. ఫోన్ వచ్చిన సంగతీ గుర్తొచ్చింది. మంట సరిచేస్తూ, ఒక చేత్తో రిసీవరు పట్టుకుని అన్న మాట.

"నేనేనండీ అది" అన్నాను. "క్షమించండి. ఇవాళ మిషను నాలుగుసార్లు చూశానండి. ఈ రక్తం నేనే తీశాను, గంటన్నర కూడా కాలేదు. 2.6 నిజమేనండి. అయిదున్నర ఎలా వచ్చిందో నాకు తెలియదు."

తెలియదు అన్న మాట ల్యాబు నుంచి ఒక డాక్టరుకి చెప్పడం నాకదే మొదటిసారి. ఆయన గొంతు కాస్త మారింది. "మనిషి ఎలా ఉన్నారు?" అని అడిగారు.

"వాంతి చేసుకున్నారండి. పడుకోబెట్టాను." అక్కడితో ఆపేద్దామనుకున్నాను. పేషెంటు కబుర్లు డాక్టరుకి చేరెయ్యడం మా పని కాదు. ఎందుకో నోరు జారింది. "మాటలకేం లోటు లేదండి. పెరుగన్నంలో పసుపు కలిపారని, గోడలు పచ్చబడ్డాయని కూతురితో తగువు పెట్టుకున్నారు..."

"ఏంటి? ఇంకోసారి చెప్పండి" అన్నారు వెంకటరత్నం గారు.

చెప్పాను. ఆయన అప్పుడు చెప్పిందే నాకు ఆ రోజు పాఠం. కామేశ్వరమ్మ గారికి గుండె కవాటం జబ్బు. డిజాక్సిన్ అని గుండె బలానికి చిన్న మాత్ర వాడుతున్నారు, నీరు లాగడానికి ఇంకో మాత్ర. ఆ నీటి మాత్ర ఒంట్లోంచి పొటాషియాన్ని కూడా బయటికి పంపేస్తుంది. అందుకే సిరప్పు, అందుకే బొండాం. పొటాషియం బాగా పడిపోతే మందుగా ఇచ్చిన డిజాక్సినే విషమవుతుంది. వికారం పుడుతుంది, కళ్లకి తెల్లనివి పచ్చగా కనబడతాయి, ఆ తర్వాత గుండె లయ తప్పుతుంది. వేసవి నుంచి వస్తున్న మా కాగితాలు చూసి సిరప్పు ఆపారు, బొండాం ఆపారు, మిగతా రెండు మాత్రలూ నడుస్తూనే ఉన్నాయి.

"ఆవిడ చేతికి ఫోనివ్వండి" అన్నారు. తీగ అందేదాకా లాగి ఇచ్చాను.

"కామేశ్వరమ్మ గారూ, చిన్న తెల్ల మాత్ర ఇవాళ వేసుకున్నారా?"

"తెల్లదేవిటండీ, అదీ పచ్చగానే ఉంటేనూ! మార్చి ఇచ్చారేమోనని వేసుకోలేదు, పక్కన పెట్టాను."

అవతల ఆయన పెద్దగా ఊపిరి వదలడం నాకూ వినబడింది. రెండు వీధుల అవతల గుండె డాక్టరు గారి నర్సింగ్ హోం ఉంది. వెంకటరత్నం గారు వాళ్లతో తనే ఫోన్లో మాట్లాడారు. నేను రిపోర్టు కవర్లో పెట్టకుండా చేత్తో పట్టుకుని, ఆవిడతో పాటు రిక్షాలో వెళ్లాను. ఈసీజీ తీస్తే నాడి ఎక్కడికక్కడ తప్పుతోంది. ఆ మాత్ర ఇంకో రెండు రోజులు వేసుకుని ఉంటే సోమవారం బస్సెక్కేవారు కాదని అక్కడి డాక్టరు గారు కూతురితో చెప్పారు. సెలైన్లో పొటాషియం కలిపి ఎక్కించారు. మూడో రోజుకి గోడలు తెల్లబడ్డాయని ఆవిడే చెప్పారు.

సాయంత్రం సార్ వచ్చారు. అన్నవరం ప్రసాదం పొట్లం నా చేతిలో పెట్టబోతుంటే జరిగింది చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. "మన రిపోర్టు తప్పని మనమే ఫోన్ చేసి చెప్పుకుంటామా? రేపు నాలుగూళ్లలో ఏమనుకుంటారు?" అన్నారు. ఆయన పొట్లం బల్ల మీద పెట్టి, కుర్చీలో కూచుని, చాలాసేపటికి "ఆవిడ ఎలా ఉన్నారు?" అని అడిగారు. పొద్దున్న వెంకటరత్నం గారు అడిగిన ప్రశ్నే.

మిగిలింది అయిదున్నర ఎక్కడినుంచి వచ్చిందన్నది. సోమవారం మధ్యాహ్నం సత్తిబాబు కోసం ల్యాబులో కాచుకోకుండా నేనే బస్సు కాంప్లెక్సుకి వెళ్లాను. బస్సు దిగిన సత్తిబాబు నెత్తిమీద పెద్ద థర్మోకోల్ పెట్టె ఉంది. ఆ పెట్టె మా ల్యాబులో చూసిన గుర్తు లేదు. సోడా కొట్టు పక్కన దింపి, మూత తీసి, లోపలికి చెయ్యి పెట్టాడు. నిండా చితక్కొట్టిన ఐసు. అందులోంచి రక్తం గొట్టాలు ఒక్కొక్కటే తీసి, తువ్వాలుతో శుభ్రంగా తుడిచి, చుట్టబెడుతున్నాడు.

నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. "ఏంటండీ మేడమ్‌గారూ, తమరొచ్చారు?"

"ఈ ఐసేంటి సత్తిబాబూ?"

"తమరే చెప్పారు కదండీ. వేసవిలో రక్తం ఎండకి పాడవుతోంది, చల్లగా పట్టుకురమ్మని. మా ఊళ్లో ఐసుకి కరువాండీ? రొయ్యకే తలనుంచి తోకదాకా ఐసు కప్పి పంపుతాం. మనిషి రక్తానికి కప్పమా?"

నిజమే. ఏప్రిల్‌లో చెప్పాను. బల్ల దగ్గర తలెత్తకుండా చెప్పిన ఒక్క ముక్క. చల్లగా అంటే ఎంత చల్లగానో, ఎంతసేపో చెప్పలేదు.

"మరి పెట్టె ల్యాబుకి తేలేదేం?"

సత్తిబాబు తల గోక్కున్నాడు. "మొదటిసారి తెచ్చానండి. చీటీలు తడిసి సిరా అలికిపోయిందని తమరు కేకలేశారు. అందుకని ఇక్కడే తుడిచి తెస్తున్నానండి."

అదీ నేనే. నడిబజారులో నిలబడి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ మనిషి తన చేతనైనంత బాగా చేశాడు. రొయ్యల ఊరివాడు చల్లగా అంటే ఇంకేం చేస్తాడు?

మర్నాడు పొద్దున్న నా రక్తం మూడు గొట్టాల్లో తీశాను. ఒకటి వెంటనే సీరం విడదీశాను. ఒకటి నీడలో బల్ల మీద ఉంచాను. ఒకటి ఐసులో పెట్టాను. సాయంత్రం నాలుగున్నరకి సార్‌ని పక్కన కూచోబెట్టుకుని మూడూ చూశాను. మొదటిది 4.1. రెండోది 4.3. ఐసులోది 5.9. రక్తకణాల లోపల పొటాషియం చాలా ఎక్కువ ఉంటుంది. దాన్ని లోపలే పట్టి ఉంచే శక్తి మంచు చలికి మందగిస్తుంది, మెల్లగా బయటికి కారుతుంది. కణాలు పగిలితే సీరం ఎర్రబడుతుంది, చూడగానే పట్టేస్తాం. ఇక్కడ కణం పగలదు, సీరం రంగు మారదు. సార్ ఐసు గొట్టాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని అటూ ఇటూ తిప్పారు.

"ఎర్రబడి ఉంటే నేనే పట్టేవాణ్ణి" అన్నారు తనలో తను. తర్వాత రిజిస్టరు ముందుకి లాక్కుని, "ఏప్రిల్ నుంచి ఆ డాక్టరు గారివి ఎన్ని పొటాషియంలు చేశాం? పేర్లన్నీ రాయి. ఒక్కటీ వదలకు" అన్నారు.

ఆయన మీద నాకున్న గౌరవం ఆ క్షణాన రెట్టింపైంది. శనివారం కోప్పడ్డ మనిషి ఈయనేనా అనిపించింది. నేను పేర్లు రాశాను, ఆయన కింద తన చేత్తో ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాశారు. ఈ అంకెలు నమ్మదగ్గవి కావు, తప్పు మాది, అందరికీ మళ్లీ పరీక్ష మేమే చేస్తాం. కవరు నేను అంటించబోతే వద్దన్నారు. "పోస్టులో కాదు. మనమే వెళ్దాం."

గురువారం వెంకటరత్నం గారి క్లినిక్కులో కూచున్నాం. చీటీల మీద గుర్రపు డెక్క సంతకం చేసే మనిషి పొట్టిగా, బట్టతలతో, మెత్తటి గొంతుతో ఉన్నారు. మా సార్ కాగితం ఇచ్చి లేచి నిలబడ్డారు. ఆయన "కూచోండి సార్, కూచోండి" అని కాఫీలు చెప్పించి, పెన్ను తీసి ఒక్కొక్క పేరూ చూసుకుంటూ పక్కన రాసుకోసాగారు. వీళ్లని రేపు పిలిపిస్తాను. ఈయనకి ఏం మార్చలేదు, ఫర్వాలేదు. ఈవిడ సిరప్పు మళ్లీ మొదలుపెట్టాలి. అలా కిందికి వస్తూ ఒక పేరు దగ్గర పెన్ను ఆగింది.

వీర్రాజు, యాభై రెండేళ్లు, పొటాషియం 5.4. దాని పక్కన ఆయన 'లేరు' అని రాశారు.

నేనే అడిగాను. "ఎప్పుడండీ?"

"ఆషాఢంలో. ఇవే మందులు. పొలంనుంచి వచ్చి అరుగు మీద పడుకున్నాడు, లేవలేదు."

"దీనివల్లేనాండీ?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "గుండె బాగా పెద్దదైపోయిన మనిషమ్మా. అన్నీ సరిగ్గా ఉన్నా పోయి ఉండొచ్చు. దీనివల్లే అనీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఆ రోజున నేను ఇంకోసారి ఫోన్ చేసి ఉంటే తెలిసేది. మీరు పెట్టెయ్యకుండా ఉంటే తెలిసేది. ఇక తెలీదు."

నన్ను తిట్టి ఉంటే బావుండేది. ఆయన తిట్టలేదు, తప్పులో సగం తన ముందుకి లాక్కున్నారు. తిరుగు బస్సులో సార్ కిటికీలోంచి బయటికే చూస్తూ కూచున్నారు. రావులపాలెం వంతెన దాటాక, "ఆ స్టాంపు తీసెయ్" అన్నారు. అంతకుముందే తీసేశానని చెప్పాను.

తర్వాత చాలా మారాయి. చీటీ మీద రక్తం తీసిన వేళ, వాడుతున్న మందులు రాయడానికి రెండు గీతలు వచ్చాయి. చేత్తో తిప్పే చిన్న సెంట్రిఫ్యూజ్ ఒకటి సత్తిబాబుకి నేర్పించి ఇచ్చాం. అక్కడికక్కడే సీరం తీసి పంపేవాడు. ఐసులో పెట్టొచ్చా అని అడిగితే, సీరాన్ని నిక్షేపంలా పెట్టుకోమన్నాను. చాలా సంతోషించాడు. నెలకోసారి వెంకటరత్నం గారు, మా సార్ కూచుని మాట్లాడుకోవడం మొదలై, అది క్రమంగా పది మంది డాక్టర్లు వచ్చే సమావేశమైంది. ప్రశ్నార్థకం పెట్టిన కాగితం వస్తే ఫోన్ చేసి అడిగేవాళ్లం, కంప్రెసర్ ఆపి మరీ. కామేశ్వరమ్మ గారు ఆ దీపావళికి సత్తిబాబు చేత నాకు బొండాలు పంపారు. అతను మామూలుగా వాటికి కూడా ఐసు వేసి తెచ్చాడు.

ఇన్నేళ్ల పనిలో నేను నేర్చుకున్నదేమిటని ఎవరైనా అడిగితే, ఒక మూల ఉన్న పుస్తకం తీసి చూపించేదాన్ని. ఫోను పుస్తకం అనేవాళ్లం. ప్రమాదకరమైన అంకె ఏది వచ్చినా పేషెంటు పేరు, అంకె, ఏ డాక్టరుతో ఎన్ని గంటలకి మాట్లాడాం, ఆయన ఏమన్నారు, ఇవన్నీ అందులో రాయాలి. దాని మొదటి పేజీలో మొదటి పేరు నేనే రాశాను. వీర్రాజు, యాభై రెండు, పొటాషియం 5.4.

కొత్తగా చేరిన పిల్లలు ఆ పేజీ చూసి అడిగేవారు. "మేడమ్, ఇక్కడ ఎవరితో మాట్లాడారో రాయలేదేం?"

"మాట్లాడలేదమ్మా" అనేదాన్ని. ఆ తర్వాత వాళ్లని కూచోబెట్టి ఈ కథంతా చెప్పేదాన్ని.